ఎన్‌స్ఖెడేలో నలభై రోజులు

విదేశం వెళ్ళి వచ్చినవారు ప్యారిసు గోపురం గురించో, లండను వంతెన గురించో వ్రాయడం ఆనవాయితీ. నాకా యోగం లేదు. 2024 ఏప్రిల్, మే నెలల్లో నలభై రోజులు హాలండు దేశంలో వున్న మాట నిజమే గాని, అందులో ముప్ఫై ఎనిమిది రోజులు ఎన్‌స్ఖెడే అనే ఒకే వూళ్ళో గడిచిపోయాయి. "తులిప్ తోటలు చూశావా?" అని బళ్ళారిలో కనబడ్డవారల్లా అడిగారు. చూడలేదు. పసిబిడ్డ వున్న ఇంట్లో వేణ్ణీళ్ళు కాచినవాణ్ణి, గుడ్డలు ఆరవేసినవాణ్ణి తోటల సంగతి అడిగితే ఏం చెప్పగలను? అయినా నేను చూసినది ఒకటుంది. మన పత్రికవారు నాలుగు ముక్కలు వ్రాసి ఇమ్మన్నారు గనుక దాన్ని గురించే వ్రాస్తున్నాను.

మేము వెళ్ళింది పురిటికి. మా చెల్లెలికి రెండవ కాన్పు. అమ్మ వుంటే అమ్మ వెళ్ళేది. అమ్మ 1992లో పోయింది. తల్లి లేని ఆడపిల్లకు వదినే తల్లి కాబట్టి నా భార్య బయలుదేరింది. ఆమెకు ఇంగ్లీషు రాదు కాబట్టి తోడు నేను బయలుదేరాను. నాకు వచ్చిన ఇంగ్లీషు మాత్రం ఏపాటిది? ఎస్సెస్సెల్సీ పాసై గుమాస్తాగిరీలో చేరి, కన్నడంలో వచ్చిన అర్జీలకు ఇంగ్లీషులో జవాబులు వ్రాసి వ్రాసి పట్టుబడ్డ ఆఫీసు కాగితాల ఇంగ్లీషు. ఏళ్ళ తరబడి కూడబెట్టిన సెలవంతా ఒక్కసారిగా వాడేశాను. పెట్టెలో శొంఠి, వాము, ఇంగువ, సున్నిపిండి, ఉగ్గానికని రెండు కిలోల బొరుగులు సర్దుకున్నాం. నా చేతిసంచీలో ఒక ఫైలు వుంది. అందులో నా మార్కుల పట్టీ, దాని వెనకాల ఒక ఫోటో. మార్కుల పట్టీ విదేశానికెందుకని నా భార్య నవ్వింది. ఫోటో సంగతి ఆమెకు తెలియదు.

ముందుగా వూరి సంగతి. స్కిపోల్ విమానాశ్రయంలో దిగి రైలెక్కితే రెండు గంటలకు పైగా ప్రయాణం. దారి పొడుగునా బల్లపరుపు నేల, కాలువలు, ఆవులు. దేశం తూర్పు కొసన, రైలు ఆగిపోయే చోట వుంది ఎన్‌స్ఖెడే. పేరు పలకడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. నడుమ వచ్చే "స్ఖె" గొంతులోంచి గీకినట్టు రావాలి. జర్మనీ సరిహద్దు సైకిలు తొక్కుకుంటూ పోయేంత దూరం. శనివారం సంతకు అక్కడి జనం కూడా వచ్చి కూరలు, చేపలు కొనుక్కుపోతారు. జనాభా లక్షా అరవై వేలు. మన బళ్ళారి దీనికి రెండింతలకు మించి వుంటుంది. పాత అంగడి అనే చౌకు నడుమ రాతి చర్చి, చుట్టూ కాఫీ అంగళ్ళు. తక్కిన వూరంతా ఎర్ర ఇటుక. వాన ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో ఆ దేవుడికే తెలియాలి.

ఇది ఒకప్పటి నూలుబట్టల వూరు. గుడ్డల మిల్లులు వూరి నిండా వుండేవట. 1960, 70లలో అవి ఒక్కొక్కటే మూతపడ్డాయి. బతుకుతెరువు మాటెలా వున్నా, 1961లో స్థాపించిన విశ్వవిద్యాలయం ఒకటి వూరికి మిగిలింది. మా చెల్లెలి భర్త అందులోనే పని. పత్తి వ్యాపారంతో పెరిగి, ఇప్పుడు ఇంటింటా జీన్సుగుడ్డలు కుట్టే వూరినుంచి వెళ్ళినవాణ్ణి కాబట్టి, మూతపడ్డ మిల్లు పొగగొట్టం కనబడ్డప్పుడల్లా నా కాళ్ళు ఆగిపోయేవి. వూరికి ఇంకొక దెబ్బ కూడా తగిలింది. 2000 మే 13న రోంబేక్ అనే పేటలో బాణసంచా గిడ్డంగి పేలి ఇరవై ముగ్గురు చనిపోయారు. పేటకు పేటే నేలమట్టమైంది. తరవాత మళ్ళీ కట్టుకున్నారు. నేనక్కడ వుండగానే ఆ తేదీ వచ్చింది. బిడ్డను తోపుడుబండిలో పడుకోబెట్టి ఆ కొత్త ఇళ్ళ మధ్యనుంచి నడిచి వెళ్ళాం.

అక్కడ బాలింతల సంగతి ఒకటి చెప్పి అసలు విషయానికి వస్తాను. కాన్పయిన ఇంటికి ఒక నర్సు వారం రోజులకు పైగా ప్రతిరోజూ వచ్చి తల్లినీ బిడ్డనూ చూసుకుని పోతుంది. అది వారి ఏర్పాటు. ఆ నర్సమ్మకూ నా భార్యకూ నూనె మర్దనా విషయంలో మూడు రోజులు యుద్ధం జరిగింది, నాలుగో రోజున రాజీ కుదిరింది. రాజీ కుదిర్చినది సోంపు. బిడ్డ పుట్టిన ఇంటికి వచ్చినవారికి వెన్న రాసిన రస్కు మీద చక్కెర పూత పెట్టిన సోంపుగింజలు చల్లి ఇస్తారక్కడ. "పాలు పడడానికి మనమూ సోంపే కదండీ ఇచ్చేది!" అని నా భార్య మురిసిపోయింది.

ఆ రస్కులు తినడానికి వచ్చినవారిలో పక్కింటి ముసలమ్మ ఒకావిడ. డెబ్భై దాటి వుంటాయి. బిడ్డను చూసి, తన కోటు జేబులోంచి తోలు అంటించిన బిళ్ళ వంటిదొకటి తీసింది. మన టిఫిను డబ్బా మూత అంత పలచన. మీటి లాగితే అది నిలబడి కెమెరా అయింది. నా గుండె ఒక్క క్షణం ఆగినంత పని అయింది. సరిగ్గా ఇదే కెమెరాను నేను 1987లో మా ఇంట్లో చూశాను. ఆవిడ బిడ్డను ఫోటో తీసింది. గుర్రుమని చప్పుడు చేస్తూ తెల్ల అంచుల అట్టముక్క బయటికి వచ్చింది. రాగానే దాన్ని చటుక్కున కోటు లోపలికి దోపుకుంది. వెలుతురు తగలకూడదట, చలి తగిలితే రంగులు మారిపోతాయట. పావుగంట తరవాత బయటికి తీస్తే అందులో మా మేనకోడలు ఆవలిస్తూ వుంది.

పోలరాయిడ్ ఫోటో అంటే మన ఇళ్ళలో చాలామందికి తెలుసు. తీసిన చోటనే, తీసినవాడి చేతిలోనే తేలే ఫోటో. దీన్ని కనిపెట్టినవాడు ఎడ్విన్ లాండ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు. 1943లో కుటుంబంతో సెలవులకు వెళ్ళినప్పుడు, మూడేళ్ళ కూతురు "ఇప్పుడు తీసిన ఫోటో ఇప్పుడే ఎందుకు చూడకూడదు?" అని అడిగిందని, ఆ ప్రశ్నే బీజమని ఆయన చెప్పుకునేవాడు. 1947 ఫిబ్రవరిలో న్యూయార్కులో పండితుల ముందు చేసి చూపించాడు. మరుసటి ఏడు బోస్టనులో కెమెరా అమ్మకానికి వచ్చింది. ఆ ముసలమ్మ చేతిలోని మడత కెమెరా 1972 నాటి ఎస్ఎక్స్-70 రకం.

దాని లోపలి మర్మం ఆవిడే నాకు చెప్పింది, రస్కును మధ్యకు విరిచి మరీ. ఫోటో అడుగున తెల్ల అంచు వెడల్పుగా వుంటుంది కదా, అందులో చిన్న పొట్లం దాగి వుంటుంది. పొట్లం నిండా మందు కలిపిన ముద్ద. కెమెరాలోని రెండు ఉక్కు రోలర్ల మధ్యనుంచి, చెరకుగానుగలో చెరకు దూరినట్టు, ఫోటో బయటికి వచ్చేటప్పుడు పొట్లం పగిలి ముద్ద లోపలంతా పరుచుకుంటుంది. లోపల ఒకదాని కింద ఒకటి పొరలు. వాటిలో మూడు రంగులు కాచుకుని వుంటాయి. వెలుతురు తగిలిన చోట రంగు పట్టుబడిపోతుంది, తగలని చోట పైకి ఈదుకుంటూ వస్తుంది. ముద్దలో గోడసున్నపు రంగుల్లో కలిపే తెల్లపొడి వంటిదే వుంటుంది. మనకు కనబడే తెలుపు అదే. ఇదంతా రెండు ప్లాస్టిక్ రేకుల నడుమ, తడిగా, మీగడలాగా జరుగుతూ వుంటుందన్నమాట. ఆ తడి ఎంతసేపు వుంటుందనేది ఫిల్ము రకాన్ని బట్టి. 1980లో వచ్చిన టైం-జీరో అనే రకంలో గంటలకొద్దీ, ఒక్కొక్కప్పుడు రోజులకొద్దీ వుండేది.

"ఇంత వివరంగా మీకెలా తెలుసు?" అని అడిగాను. కిటికీలోంచి తూర్పుగా చెయ్యి చూపింది. పోలరాయిడ్ కంపెనీ 1965లో ఎన్‌స్ఖెడేలో కార్ఖానా పెట్టింది. మిల్లులు పోతున్న రోజుల్లో అది వూరికి ఆసరా. ఆవిడ అందులో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసింది. వెలుతురు సోకకూడని సరుకు గనుక చీకట్లో పని. చేతి స్పర్శతోనే అన్నీ తెలుసుకునేవారట.

డిజిటల్ కెమెరాలు వచ్చాక ఈ ఫోటోల బేరం పడిపోయింది. 2008 ఫిబ్రవరిలో కంపెనీ ఈ ఫిల్ము తయారీ ఇక ఆపేస్తున్నామని ప్రకటించింది. ఆ జూన్‌లో ఎన్‌స్ఖెడే కార్ఖానా మూతకు ఒక వీడ్కోలు సభ జరిగింది. ఆ సభలో ఫ్లోరియన్ కాప్స్ అనే వియన్నా నగరవాసి, అదే కార్ఖానాలో పనిచేసిన ఆండ్రే బోస్మన్ కలుసుకున్నారు. తుక్కు కింద పోవలసిన యంత్రాలను కొని, ఒక భవనం అద్దెకు తీసుకుని, పాత పనివారిలో పదిమందిని చేర్చుకుని మళ్ళీ మొదలుపెట్టారు. పెట్టుకున్న పేరు "అసాధ్యం" అనే అర్థం వచ్చే ఇంపాసిబుల్ ప్రాజెక్ట్. యంత్రాలు దొరికాయి గాని మందులు దొరకలేదు. పూర్వం సరఫరా చేసినవారు అవి తయారు చేయడం మానేశారు. వంటవాడు పోయి, పొయ్యి మాత్రం మిగిలిన ఇల్లు వంటిదని చెప్పవచ్చు. మొత్తం పాకమంతా కొత్తగా కనుక్కోవలసి వచ్చింది. 2010 మార్చిలో మొదటి ఫిల్ము, నలుపు తెలుపులది, వచ్చింది. వెలుతురు తగిలితే పాడయ్యేది, కొన్నాళ్ళకు వెలిసేది. అయినా జనం కొన్నారు. 2017లో ఆ పోలరాయిడ్ పేరే వీరి చేతికి వచ్చింది. 2020 నుంచి సంస్థ పేరు మళ్ళీ పోలరాయిడే.

ఒక సాయంత్రం నేను ఆ కార్ఖానా దాకా నడిచి వెళ్ళాను. చూడడానికేమీ లేదు. ఇటుక గోడ, రేకుల కప్పులు, సైకిళ్ళు ఆనించే కమ్మీలు. పాత ఆవరణలోని కొన్ని భవనాలలో ఇప్పుడు చిన్న చిన్న సంస్థలున్నాయి. అయినా గోడకు చెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాను. ఎందుకో చెప్పాలంటే నా ఫైలులో ఫోటో సంగతి చెప్పాలి.

1987లో మా చెల్లెలి నామకరణానికి అమెరికాలో డాక్టరుగా వున్న మా మేనమామ బళ్ళారి వచ్చాడు. బ్రూస్‌పేటలో మా ఇల్లు. మామ తెచ్చిన కెమెరా చుట్టూ వీధి వీధంతా చేరింది. పెట్టెకు పది ఫోటోలు. తొమ్మిది చుట్టాలు తీసుకుపోయారు. పదోది అమ్మది. గుమ్మంలో కూర్చుని, ఒళ్ళో చెల్లెలు. "తడి ఆరేదాకా ఎవరూ తాకవద్దు" అని చెప్పి మామ దాన్ని గూట్లో పెట్టాడు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. మధ్యాహ్నం అందరూ నిద్రపోతూ వుంటే తీసి చూశాను. బళ్ళారి ఎండకు అది వెచ్చగా వుంది. వేలితో అదిమితే లోపల ఏదో జరిగినట్టయింది. బలపం తెచ్చాను. మొదట చీర అంచు మీద ఒక గీత గీశాను. గీత పడ్డచోట రంగు పక్కకు పారి, తెల్లగా, పచ్చగా అలలాగా లేచింది. ఇక ఆగలేదు. చీరంతా గీశాను. గుమ్మం గీశాను. చెయ్యి జారి పైకి పోయింది.

లేచి చూసినవారికి ఫోటో కనబడలేదని చెప్పాను. ఎవరో పట్టుకుపోయి వుంటారనుకున్నారు. నన్నెవరూ అనుమానించలేదు. నేను దాన్ని లెక్కల పుస్తకం అట్టలో దాచాను, తరవాత ఇంకొక చోట, చివరికి మార్కుల పట్టీ వెనకాల. ఎప్పుడైనా పట్టీ నకలు తీయించవలసి వచ్చినప్పుడు ఫోటో తిరగేసి పెట్టేవాణ్ణి. అమ్మ మొహం పాడుచేశానన్నదే నాకు గుర్తు.

అమ్మ పోయిన తరవాత గోడకు పెట్టడానికి ఫోటో కావలసి వచ్చింది. వున్నదల్లా పెళ్ళినాటి నలుపు తెలుపు ఫోటో ఒక్కటే. నాన్న దాన్ని స్టూడియోకు తీసుకువెళ్ళాడు, వెంట నేను. ఆ రోజుల్లో నలుపు తెలుపు ఫోటోను పెద్దది చేసి కుంచెతో రంగులు వేసి ఇచ్చేవారు, అందరికీ తెలిసిందే. "మెడ బోసిగా వుంది, గొలుసు వేయమంటారా?" అని అడిగాడు రంగులు వేసే ఆయన. నాన్న తల వూపాడు. మూడు పేటల బంగారు గొలుసు వచ్చింది. పెదవులకు ఎరుపు వచ్చింది. చూసినవారంతా మహాలక్ష్మిలా వుందన్నారు.

మా చెల్లెలు ఆ ఫోటో చూస్తూ పెరిగింది. నాన్న 2003లో పోయాడు. 2012లో దాని పెళ్ళి కుదిరినప్పుడు నగల మాటలయ్యాక, అందరూ వెళ్ళిన తరవాత అడిగింది: "అన్నా, అమ్మ మూడు పేటల గొలుసు ఏమైంది?" లేదని చెప్పాను. స్టూడియోవాడు వేసిందని చెప్పాను. అది నా వంక చూసి, వంటింట్లో వున్న వదిన వంక చూసి, "సరేలే అన్నా" అంది. అంతే. ఆ తరవాత ఎన్నడూ ఎత్తలేదు. కాని ఆ "సరేలే" మా ఇంట్లోంచి పోలేదు. నా భార్యకు అది వినబడింది. అయినా పురిటికి వెళదామని ముందుగా అన్నది ఆమే.

గొలుసు లేదని చెప్పగల సాక్ష్యం ప్రపంచంలో ఒక్కటే వుంది, దాన్ని నేనే పాడుచేశాను.

ముసలమ్మ ఇంటి వెనుక చిన్న చెక్కగది వుంది. ఒక బుధవారం నన్నూ నా భార్యనూ పిలిచింది. లోపల బల్ల, కుంచెలు, రెండు తట్టల్లో నీళ్ళు. ఆవిడకిప్పుడు ఇదే పని. ఇప్పటి ఫోటో ఒకటి తీసుకుని, తెల్ల అంచులు కత్తిరించి, వెనుక రేకు వూడదీసి, ముందు రేకును గోరువెచ్చని నీళ్ళలో వేసింది. కుంచెతో మెల్లగా తోస్తూ వుంటే ఫోటో రేకునుంచి వూడి వచ్చింది. మరిగిన పాల మీద మీగడ తొరక లేచినట్టే. చర్చి గోపురం, మేఘాలు, అన్నీ ఆ తొరకలో వున్నాయి. నీళ్ళలో కదులుతూ వున్నాయి. దాని కిందికి మందపాటి చిత్రకాగితం జొనిపి పైకెత్తింది. కాగితం మీద ముడతలు పడ్డాయి. కొన్ని ముడతలు కుంచెతో సరిచేసింది, కొన్ని కావాలని వుంచేసింది. గోపురం గాలికి ఎగిరే గుడ్డలా అయింది. ఎక్కువ ఎత్తిపోతే చిరుగుతుంది, చిరిగితే పోయినట్టే. పెట్టెకు ఇప్పుడు ఎనిమిదే ఫోటోలు, ఒక్కోటి అప్పటికి రెండు యూరోలకు పైమాట, అంటే అప్పటి మన లెక్కలో దగ్గర దగ్గర రెండు వందల రూపాయలు. నా గుమాస్తా బుద్ధి కుంచె ఆడినప్పుడల్లా లెక్క కట్టింది.

నా భార్య ఆ రోజు కాళహస్తి కలంకారీ చీర కట్టుకుంది. ఆవిడ చీర చెంగు పట్టుకుని "సిట్స్!" అంది. పదిహేడో శతాబ్దంలో డచ్చి వర్తకులు మచిలీపట్నం ప్రాంతాలనుంచి ఓడల్లో తీసుకుపోయిన మన అద్దకపు గుడ్డలకు వారి భాషలో ఆ పేరు. ఈ వూరు నూలు నేయడం మొదలుపెట్టకముందే మన నూలు వారి ఇళ్ళకు చేరిందన్నమాట. వెదురుపుల్లకు గుడ్డ చుట్టి కలం చేసి గీస్తారని నా భార్య చేతులతో అభినయించి చూపించింది. ఆవిడ లేచి సొరుగు లాగింది. అందులో కూడా పుల్లలే! అల్లిక సూదులు, గోళ్ళు సాఫుచేసే వెదురుపుల్ల, ముక్కు అరగదీసిన పెన్సిలు. ఇవి పాత పనిముట్లట. ఆ కాలంలో టైం-జీరో ఫోటోలను ఇలా తొరక తీసేది కాదు. తడి ఆరకముందే పై రేకు మీదనుంచి పుల్లతో రుద్దేది. తడి గట్టిపడకుండా కాసేపు వెచ్చగా పెట్టుకునేవారు కూడా.

నేను ఏమీ అనలేకపోయాను.

ఒక డబ్బాలోంచి పాత ఫోటోలు పరిచింది. కాలువ, పడవ, చెట్లు. చెట్ల ఆకులన్నీ సుళ్ళు తిరిగాయి. నీళ్ళు అల్లిక గుడ్డలా వున్నాయి. ఇలా చేసినవారిలో మొదటివారు లూకాస్ సమరాస్ అనే ఆయన. 1936లో గ్రీసులో పుట్టి న్యూయార్కు చేరిన చిత్రకారుడు. 1973 నుంచి 76 దాకా తన చిన్న ఇంట్లోనే తనను తానే ఫోటోలు తీసుకుని, తడి మీద పుల్లతోనూ వేళ్ళతోనూ కెలికి, తన ఒంటిని మంటలాగా, పొగలాగా మార్చుకున్నాడు. ఆయన 2024 మార్చిలోనే, నేను వెళ్ళడానికి నెల ముందు, పోయాడు. లెస్ క్రిమ్స్ అనే ఇంకొకాయన 1975లో ఇటువంటి వాటితో పుస్తకమే వేశాడు. ఆవిడ ఒక గ్రామఫోను రికార్డు అట్ట కూడా చూపించింది. పీటర్ గేబ్రియల్ అనే ఇంగ్లీషు గాయకుడిది, 1980 నాటిది. సగం మొహం మామూలుగా, సగం మొహం కరిగి కారిపోతూ వుంది. నా భార్య చూసి "రామ రామ" అనుకుంది. నాకు మాత్రం నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. బడిపిల్లవాడు బలపంతో చేసిన పాపానికి పేరుంది, దానికి పుస్తకాలున్నాయి, అది గోడలకు తగిలిస్తారు!

మరునాడు ఫైలు తీసుకుని ఒంటరిగా వెళ్ళాను. ఆవిడ ఫోటోను వెనక్కు తిప్పి అచ్చువేసిన అంకెలు చూసి "టైం-జీరో" అంది. ముందుకు తిప్పి కిటికీ దగ్గరకు తీసుకుపోయింది. "ఎవరు చేశారు?" అని అడిగింది. నేనేనన్నాను. ఎప్పుడు అంటే ఎనిమిదేళ్ళ వయసులో అన్నాను. దేనితో అంటే బలపం ఇంగ్లీషులో ఏమంటారో తట్టక, పలకా బలపమూ బొమ్మ గీసి చూపించాను. ఏనాడూ ఎవరికీ చెప్పని మాట, ఆఫీసు ఇంగ్లీషులో, పరాయి దేశపు ముసలమ్మకు చెప్పాను. ఆవిడ ఓదార్చలేదు. పనివాడి పని చూసినట్టు చూసింది. ఇక్కడ మరీ అదిమావు, ఇక్కడ చెయ్యి బాగా నడిచింది, అని వేలితో చూపుతూ పోయింది. తరవాత అద్దం తెచ్చి నాకిచ్చింది. "మొహం చూడు" అంది.

ముప్ఫై ఏడేళ్ళ తరవాత సరిగ్గా చూశాను. మొహం మీద గీత లేదు. జారిన బలపం చెంప పక్కనుంచి పోయి జడ దగ్గర ఆగిపోయింది. చీర అంతా వరద. గుమ్మం వంకరలు. వాటి నడుమ అమ్మ మొహం, ఒళ్ళో చెల్లెలి మొహం, కదలకుండా వున్నాయి. రంగు కాస్త పచ్చబడింది, ఒక మూల పొర చిట్లింది. అమ్మ మెడలో పసుపుతాడు, నల్లపూసలు. ఇంకేమీ లేదు.

దీన్ని కూడా నీళ్ళలో వేసి కాగితం మీదికి ఎక్కించగలరా అని అడిగాను. వద్దంది. ఇన్నేళ్ళకు పొర ఎండి పెళుసైపోయింది, ముక్కలవుతుంది, ఎండ తగలని చోట వుంచు చాలు, అంది. ఇటువంటిది మళ్ళీ చేయాలన్నా ఇప్పుడు వీలు లేదట. టైం-జీరో తయారీ 2005 ప్రాంతంలోనే ఆగిపోయింది. కొత్త ఫిల్ము పాకం వేరు, అది పుల్లకు అలా లొంగదు.

ఆ రాత్రి బిడ్డ నిద్రపోయాక చెల్లెలికి ఫోటో ఇచ్చాను. ఎలా చెప్పాలో ఎన్నో విధాలుగా అనుకున్నవాణ్ణి, "ఇది నీ నామకరణం నాటిది, నేను గీసి పాడుచేసి దాచాను" అని ఒక్క ముక్కలో చెప్పేశాను. అది దీపం దగ్గరకు జరిగింది. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "చీర ఏం రంగు?" అని అడిగింది. వంకాయరంగు, పచ్చ అంచు అన్నాను. "నీళ్ళలో వున్నట్టుంది" అంది. మళ్ళీ చూసింది. దాని వేలు అమ్మ మెడ దగ్గర ఆగింది. నేను గోడ వంక చూస్తూ కూర్చున్నాను.

"వదిన పడుకుందా?" అని అడిగింది. లేదన్నాను. లేచి వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరకు వేసింది. వారేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నేను అడగలేదు. గంట దాటాక శొంఠికాఫీ వాసన వచ్చింది. మూడు గ్లాసులు వచ్చాయి.

ఫోటో దాని దగ్గరే వుంది, బట్టల బీరువాలో, నల్లకాగితంలో చుట్టి. బళ్ళారి గోడ మీది పటం అలాగే వుంది. గొలుసుతో సహా. ముసలమ్మ మాకు వీడ్కోలుగా పాత అంగడి చర్చి తొరక ఎక్కించిన కాగితం ఒకటిచ్చింది. విమానంలో ముడత పడకూడదని మార్కుల పట్టీ వెనకాల పెట్టుకుని తెచ్చాను.